అమ్మాయి ఫోటోలు తీస్తోందా, కంప్యూటర్ తయారుచేస్తోందా?

ప్రశ్న: మా అమ్మాయికి ఫోటోగ్రఫీ అంటే ప్రాణం. కానీ గంటసేపు ఫోటోలు తీసి, మూడు గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని మారుస్తుంది. అది కళ ఎలా అవుతుంది? ‘ఇదంతా కంప్యూటర్ గొప్పతనమే’ అని ఒకసారి బంధువుల ముందు అన్నాను కూడా. ఇప్పుడు ఫోటోగ్రఫీ డిగ్రీ వద్దు, మూడు నెలల రిటచింగ్ (తీసిన ఫోటోలను కంప్యూటర్‌లో మెరుగుపరచడం) కోర్సు చాలంటోంది. ఏది మంచిది? - ఒక తండ్రి

జవాబు: మీరు కోర్సుల గురించి అడిగారు గానీ, కూతురు కష్టపడకుండానే మెప్పు పొందుతోందేమోనన్న అనుమానం మిమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోంది. ముందు అది తీరాలి.

ఫిల్ము రోజుల్లోనూ ఫోటో కెమెరాలోనే పూర్తయ్యేది కాదు. ఫోటోలు ప్రింటు చేసే చీకటిగదిలో, అంటే డార్క్‌రూములో, ఫిల్ములోని బొమ్మను కాగితంపై పెద్దదిగా పడేలా చేసే ఎన్‌లార్జర్ వెలుగుకు చేతినో అట్టముక్కనో అడ్డుపెడితే ప్రింటులో ఆ భాగం తేటపడేది, మరోచోట ఇంకాసేపు వెలుగు పడనిస్తే అక్కడ నల్లబడేది. డాడ్జింగ్, బర్నింగ్ అనే ఆ పనుల పేర్లనే నేటికీ ఫోటోషాప్‌లో వాడుతున్నారు. ఇక డిజిటల్ కెమెరాలో 14 బిట్ల ‘రా’ ఫైలు (కెమెరా పట్టిన వెలుగు వివరాలను మార్చకుండా దాచేది) ఒక్కో పిక్సెల్, అంటే ఫోటోలోని ఒక్కో చుక్క, వెలుగును 16,384 స్థాయిల్లో నమోదు చేయగలదు. కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫోటో ఫైలైన జేపెగ్‌లో ఒక్కో రంగుకు మిగిలేవి 256 స్థాయిలే. ఏది ఉంచాలో, ఏది వదలాలో మీ అమ్మాయి నిర్ణయించకపోతే కెమెరాలోని సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది.

అలాగని ఎడిటింగ్ అన్నిటినీ సరిదిద్దలేదు. వెలుగు మితిమీరి తెల్లచొక్కా పూర్తిగా తెల్లబారిపోతే, ఆ బట్ట నేత ఫైలులోకి చేరనే లేదు కాబట్టి ఏ స్లైడర్ జరిపినా అది తిరిగి రాదు. ప్రకటనల ఫోటోలో చెల్లే మార్పు వార్తా ఫోటోలో చెల్లదు కూడా: వార్తా ఫోటోలకు జరిగే 2015 వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి ముందు దశకు చేరినవాటిలో దాదాపు 20 శాతాన్ని ఇలాంటి మార్పుల కారణంగానే తొలగించారు.

రిటచింగ్ ఒక్కటే నేర్చుకుని స్థిరపడవచ్చన్న ఆశ మీదే నాకు గట్టి అనుమానాలున్నాయి. నేపథ్యాన్ని వేరుచేయడం, మచ్చలు చెరపడం, ఆకాశాన్ని ఎంచుకోవడం వంటి పనులను సాఫ్ట్‌వేర్ ఇప్పుడు తనంతట తానే చేస్తోంది. 2023లో ఫోటోషాప్‌కు, లేని వస్తువును సృష్టించి అతికించే జెనరేటివ్ ఫిల్ కూడా వచ్చింది. మూడు నెలల్లో బటన్లు నేర్పగలరు. ఎక్కడ ఆగాలో నేర్పడానికి ఆ కాలం చాలదు. నా దగ్గరికి వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో ఎన్నో ముఖాలకు చర్మరంధ్రాలు లేక బుగ్గలు మైనంలా మెరుస్తుంటాయి. ముక్కు నీడ ఎడమకు, మార్చిన నేపథ్యంలోని నీడలు కుడికి పడుతుంటాయి. వెలుగును కెమెరాతో గమనించడం అలవాటైన పిల్లలు ఈ పొరపాటును ఇట్టే పట్టేస్తారు.

ఒక మాట కటువుగానే చెబుతాను. బంధువుల ముందు మీరు అలా అనవలసింది కాదు. తన చూపుకు విలువ లేదు, కంప్యూటర్ పనికే విలువ అని తండ్రే అన్నాక, ఆ అమ్మాయి కెమెరాను వదిలి రిటచింగ్ వైపు మొగ్గడంలో ఆశ్చర్యం ఏముంది?

ఆమె సరైన దారిలోనే ఉంది. గంట తీసిన ఫోటోలపై మూడు గంటలు ఓపికగా పనిచేయడం ఈ వృత్తిలో మామూలు విషయం, అది అందరికీ అబ్బే లక్షణం కూడా కాదు. ఎడిటింగ్‌ను భాగంగా బోధించే ఫోటోగ్రఫీ డిగ్రీలో చేర్పించండి. రిటచింగ్ కోర్సును ఏ సెలవుల్లోనైనా చేయవచ్చు. అంతకన్నా ముందు, ఈ రోజే ఏదైనా ఒక ఫోటోను ఎడిటింగ్‌కు ముందూ తరువాతా పక్కపక్కన చూపించమని అడిగి, ఫోటోలో ఏ మూలనైనా చీకటి చేసి ఉంటే ఎందుకు చేసిందో ఆమె మాటల్లోనే వినండి.