నాన్నను ఐసీయూలో ఉంచాలా, ఇంటికి తీసుకురావాలా?

మీ నాన్నగారికి క్యాన్సర్ ముదిరిపోయిందని, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పారని రాశారు. ఇంటికి తెస్తే "డబ్బుకు వెనకాడారు" అని ఊళ్ళో అంటారేమోనని మీ భయం. ఆ మాట మేమూ పడ్డాం, మా అమ్మ విషయంలో.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లెటూరు. అమ్మకు పేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది. హైదరాబాద్‌లో ఆసుపత్రి మంచం మీద ఉండగా, "పొద్దున్నే పాలకేంద్రం దగ్గర క్యాన్ల చప్పుడు వినపడాలిరా నాకు" అంది. ముప్పై ఏళ్ళు అక్కడ పాలు పోసిన మనిషి. మర్నాడే తీసుకొచ్చేశాం.

అసలు పరీక్ష ఇంట్లోనే మొదలైంది. చివరి వారం అమ్మ తినడం మానేసింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ "కనీసం సెలైన్ అయినా పెట్టించండి, ఎండబెట్టి చంపుతారా" అనేవాళ్ళు. ఆర్‌ఎంపీ బాటిల్ పట్టుకుని వచ్చేశాడు కూడా. పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) డాక్టరుకు ఫోన్ చేస్తే, ఈ దశలో ఆకలి దానంతటదే పోతుందని, సెలైన్ ఎక్కిస్తే ఒంట్లో నీరు చేరి ఆయాసం పెరగొచ్చని వివరంగా చెప్పారు. అదే మాట మా పెద్దమ్మకు ఫోన్ ఇచ్చి ఆమెకే చెప్పించాను. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు సమాధానం చెప్పే పని ఆమే తీసుకుంది. తడి దూదితో పెదాలు తుడిచింది కూడా ఎక్కువగా ఆమే. సెలైన్ పెట్టమని గట్టిగా అరిచిన పక్కింటి అత్త, చివరికి రాత్రిళ్ళు అమ్మ పక్కన పడుకుంది.

ఒక్క తప్పు మాత్రం చేశాం. మార్ఫిన్ అనే నొప్పి మందు అలవాటైపోతుందని భయపడి పది రోజులు వెయ్యలేదు. ఆ పది రోజులు అమ్మ మూలిగిన మూలుగు నాకింకా వినిపిస్తుంది. మీరలా చెయ్యకండి. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు వేస్తే నొప్పి నిజంగా తగ్గుతుంది. మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికి మందు మొదటి రోజే అడగండి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది.

సిటీలో అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే మాట్లాడండి. చాలామంది ఇంట్లో చావు జరగనివ్వరు. అలా ఇబ్బంది పడేవాళ్ళకు హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పీస్ (చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే కేంద్రం) ఉంది, ఉచితంగా చూసుకుంటారు. పల్లెలో, ఇంట్లో పోతే 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర మరణం నమోదు చేయించాలి. అందుకని డిశ్చార్జ్ కాగితాలు జాగ్రత్త.

వెంటిలేటర్ వద్దని మీ నాన్నగారు ముందే రాసిపెట్టవచ్చు. సుప్రీంకోర్టు 2018 మార్చిలో దీన్ని ఒప్పుకుంది. 2023లో పద్ధతిని సులభం చేసింది: ఇద్దరు సాక్షుల సంతకాలు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధృవీకరణ చాలు.

కాగితం సంగతి తర్వాత. ఆయనకు తెలివి ఉండగానే, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ వినేలా ఆయన్నే అడగండి. మా అన్నయ్య దుబాయ్‌లో ఉంటాడు. వెంటిలేటర్ పెట్టించాల్సిందేనని నాతో రెండుసార్లు గొడవపడ్డాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అమ్మ చేతే చెప్పించాను. అవతల చాలాసేపు ఏడ్చాడు. ఆ తర్వాత ఈ విషయంలో మా మధ్య ఇంతవరకు ఒక్క మాట రాలేదు.