వేడి నక్షత్రాల మీద పరిశోధన చేయాలంటే

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడు. వేడి నక్షత్రాలు వేగంగా తిరగడం వల్ల వాటి ఉద్గార రేఖలు, అంటే వర్ణపటంలో (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలో) మెరిసే గీతలు, రెండుగా చీలుతాయని చదివాను. దాని మీదే పరిశోధన చేయాలనుంది. నాన్నగారేమో బీఈడీ చేసి టీచరువి కమ్మంటున్నారు.

జవాబు: అమ్మా, నువ్వు చదివినదాంట్లో మధ్యలో ఒక మెట్టు ఉంది. నక్షత్రం తన చుట్టూ తాను తిరిగితే నేరుగా వెడల్పయ్యేవి శోషణ రేఖలు, అంటే వర్ణపటంలోని నల్లని గీతలు. ఒక అంచు మనవైపు వస్తూ, రెండోది దూరమవుతూ ఉంటే డాప్లర్ ప్రభావంతో (కదలిక వల్ల కాంతి తరంగదైర్ఘ్యం మారడంతో) గీత అటూ ఇటూ పరుచుకుంటుంది. అంచు వేగం సెకనుకు 300 కిలోమీటర్లయితే 656.3 నానోమీటర్ల హైడ్రోజన్ గీత ఒక్కో వైపు దాదాపు 0.66 నానోమీటర్లు జరుగుతుంది. ఈ లెక్క నువ్వే వేసి చూసుకో. సూర్యుడి మధ్యరేఖ దగ్గర ఆ వేగం 2 కిలోమీటర్లే.

జంట శిఖరాల ఉద్గార రేఖ పుట్టేది నక్షత్రం ఒంటి మీద కాదు. దాని మధ్యరేఖ నుంచి బయటపడి, చుట్టూ పళ్లెంలా తిరిగే వాయువులో. పక్కనుంచి చూస్తే రెండు శిఖరాలు, ధ్రువం వైపు నుంచి చూస్తే సన్నగా ఒక్కటే. 1866లో ఇటలీ ఖగోళవేత్త సెకీ గామా కాసియోపియా అనే నక్షత్రంలో ఉద్గార రేఖ గమనించాడు. వేగంగా తిరగడమే దీనికి మూలమని 1931లో ఖగోళవేత్త ఓటో స్ట్రూవే ప్రతిపాదించాడు. అయితే చాలా నక్షత్రాల్లో వాయువు ఊడిపోవడానికి ఆ వేగం ఒక్కటే చాలదు. మిగతా తోపు నక్షత్రపు స్పందనల (దాని ఉపరితలం లయగా ఊగడం) నుంచి వస్తుందా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. నీలాంటివాళ్లకు పని ఉన్నది అక్కడే.

మన అనూరాధ నక్షత్రంలోని డెల్టా స్కార్పీ అనే తార 2000లో ఉన్నట్టుండి ప్రకాశం పెంచుకుని బలమైన ఉద్గార రేఖలు చూపింది. జ్యేష్ఠ, ఆషాఢ మాసాల్లో సాయంత్రం మీ డాబా మీద నుంచే కనిపిస్తుంది.

ఇక దారి. మూడో ఏట జామ్ (ఐఐటీల వంటి చోట్ల ఎమ్మెస్సీ ప్రవేశానికి పెట్టే) పరీక్ష రాయి. సీటు రాకపోతే బరంపురం విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఉంది, ఇంటికీ దగ్గరే. ఆ తర్వాత పీహెచ్‌డీకి జెస్ట్ లేదా నెట్ అనే అర్హత పరీక్ష. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌కు తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల టెలిస్కోపు ఉంది. దాంతో వర్ణపటాలు తీస్తారు.

నాన్నగారి భయాన్ని తీసిపారేయకు. పీహెచ్‌డీకి ఐదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, శాశ్వత ఉద్యోగాలు తక్కువ. కానీ జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే భృతి) 2023 నుంచి నెలకు 37,000 రూపాయలని, ఎమ్మెస్సీ తర్వాత కూడా బీఈడీ చేయొచ్చని ఆయనకు చెప్పు.

ఈ సెలవుల్లోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టు. బెస్ (BeSS) అనే ఉచిత ఆన్‌లైన్ భాండారంలో డెల్టా స్కార్పీ వర్ణపటాలు దొరుకుతాయి. ఒకటి దించుకుని, శిఖరాల మధ్య దూరం కొలిచి, ఎంత వచ్చిందో నాకు రాయి.