అలివి వలలో చిన్న చేపలే పడుతుంటే

కొత్తపట్నం అన్నగారూ, మీ అలివి వలలో చిన్న చేపలే పడుతున్నాయని, పక్క పడవవారికి గాలాలతో వంజరం దొరుకుతోందని రాశారు. ఒడ్డు నుంచి లాగే అలివి వల ఒడ్డు వెంట అడుగంతా ఊడ్చుకొస్తుంది. చివరి సంచి కన్ను, అంటే వల రంధ్రం, మరీ సన్నమైతే వేలెడంత చేపపిల్ల కూడా తప్పించుకోలేదు. ఎదగాల్సిన చేప అలా ఇసుకలో ఎండిపోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. కెన్యా పగడపు దిబ్బల దగ్గరా ఈ తరహా వలలు పగడాలను విరిచి, పిల్ల చేపలను ఎత్తుకొచ్చాయి. అక్కడే బుట్ట ఉచ్చులకు సన్నని సందులు వదిలితే పిల్లలు బయటపడ్డాయి, పెద్దవి నిలిచాయి. మీ దగ్గర అలాంటి పగడపు దిబ్బలు లేకపోయినా కన్ను లెక్క అదే. ముందు సంచి భాగం విప్పి పెద్ద కన్నుది కుట్టించండి. వంజరం పైనీళ్లలో తిరిగే చేప. దానికి సముద్రం లోపలికి వెళ్లి పెద్ద కన్ను తేలుడు వల గానీ, కవళ్లు (సార్డిన్ చేపలు) ఎరగా గాలాలు గానీ వేయాలి.