ఫోటో సైజు తగ్గించే పని సరుకు తెలిసినవాళ్లే చేసుకోవాలి

కడియం దగ్గర మీకు నర్సరీ ఉందని, ఫోన్‌తో తీసిన మొక్కల ఫోటోలు వెబ్‌సైట్‌లో పెడితే పేజీ ఎంతకీ తెరుచుకోవడం లేదని, వాటిని ఏ సైజుకు తగ్గించాలో చెప్పమని అడిగారు. సైట్ తయారుచేసిన అబ్బాయి "అన్నీ 72 డీపీఐ చేసెయ్యండి, సరిపోద్ది" అన్నాడని కూడా రాశారు.

ముందు ఆ 72 సంగతి తేల్చేద్దాం. దాన్ని మర్చిపోండి. డీపీఐ అన్నది కాగితం మీద ప్రింటు వేసేటప్పుడు అంగుళానికి ఎన్ని చుక్కలు పడాలో చెప్పే అంకె. తెరకు దాంతో పనే లేదు. తెరకు కావాల్సింది పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చిన్న చిన్న రంగు చుక్కలు. 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోకు 72 అని రాసినా, 300 అని రాసినా అది 4000 పిక్సెళ్ల ఫోటోయే. ఫైలు బరువూ మారదు. ఇంత చిన్న విషయం ఏళ్ల తరబడి ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి అలాగే పాకుతోంది. వింటే ఒళ్లు మండుతుంది నాకు.

మీ పేజీ కదలకపోవడానికి కారణం వేరే. ఇప్పటి ఫోన్లు చాలావరకు 4000 బై 3000 ఫోటో తీస్తాయి. అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు. ఫైలు 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. పేజీలో ఒక మందార మొక్కకు మీరిచ్చిన చోటు 300 పిక్సెళ్ల వెడల్పే కావచ్చు. కోడ్‌లో వెడల్పు 300 అని రాస్తే ఫోటో చిన్నగా కనిపిస్తుంది గానీ, ఫైలు చిన్నదైపోదు. చూసేవాళ్ల ఫోన్ మొత్తం ఫైలును దించుకోవాల్సిందే. దించుకున్నాక విప్పడానికి ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, ఒక్క ఫోటోకే 48 ఎంబీ దాకా మెమరీ కావాలి. పేజీలో ఇరవై మొక్కలుంటే లెక్క మీరే వేసుకోండి. సిగ్నల్ ఒక్క గీత మీద ఉండే లంక ఊళ్లలో, పాత ఫోన్ పట్టుకుని మీ దగ్గర కొబ్బరి మొక్కలు కొందామనుకున్న రైతు అంతసేపు ఆగడు.

సైజు అంటారా, ఫోన్ తెర నిండా కనపడాల్సిన బొమ్మకు 1200 పిక్సెళ్ల వెడల్పు చాలు. ఈ రోజుల్లో చాలా ఫోన్ల తెరలు అడ్డంగా 1080 పిక్సెళ్లే. వరసగా పేర్చే చిన్న బొమ్మలకు, గడి 300 ఉంటే దానికి రెట్టింపు 600 ఇవ్వండి, మంచి తెరల మీద మసకబారదు. 1200 బై 900 అంటే సుమారు పదకొండు లక్షల పిక్సెళ్లు. అసలు ఫోటోలో పదకొండో వంతు కన్నా తక్కువ. ఒకే ఫోటోను రెండు మూడు సైజుల్లో ఇచ్చి, తనకు తగ్గది బ్రౌజర్‌నే ఎంచుకోమనే ఏర్పాటు కూడా ఉంది. ఎస్‌ఆర్‌సీసెట్ అంటారు, మీ సైట్ అబ్బాయిని అడిగితే పెడతాడు.

ఈ అంకెలు ఎవరైనా చెబుతారు. తగ్గించే పని ఎవరు చెయ్యాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు. నా మాటగా చెబుతున్నాను: ఆ పని సైట్ చేసే కుర్రాడికో, సైట్‌లో దానంతటదే జరిగే ఏర్పాటుకో వదలొద్దు. సరుకు తెలిసిన మనిషి కూర్చుని చెయ్యాలి.

మాది నరసాపురం. ఇంట్లో లేసు వ్యాపారం, మా వదిన చూసుకుంటుంది. ఫోటోలు నేను తీస్తాను. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటిపనులు ముగించుకుని అరుగు మీద కూర్చుని లేసు అల్లుతారు. పువ్వులు అల్లేది ఒకరైతే, ఆ పువ్వుల్ని పోగులతో కలిపి పెద్ద గుడ్డగా చేసే అతుకుపని ఇంకొకరిది. 19వ శతాబ్దంలో మిషనరీల వల్ల ఇక్కడికి వచ్చిన పని ఇది. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత పేరున్న సరుకు ఆన్‌లైన్‌లో ఎలా కనిపిస్తుందన్నది మాకు అన్నం పెట్టే విషయం.

ఒకసారి రెండు మీటర్ల టేబుల్ క్లాత్ ఒకటి తయారైంది. ముదురు నీలం దుప్పటి మీద పరిచి, నిచ్చెనెక్కి, పై నుంచి ఫోటో తీశాను. అసలు ఫోటో చక్కగా వచ్చింది. సైట్ చూసే మనిషి దాన్ని ఎక్కించాడు. అక్కడ దానంతటదే 800 పిక్సెళ్లకు తగ్గింది. రెండ్రోజులకు హైదరాబాద్‌లో బొటీక్ నడిపే ఒకావిడ ఫోన్ చేసింది. "ఏమండీ, మెషీన్ లేసును చేతిపని అని అమ్ముతున్నారా?" అని నిలదీసింది. వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మాట ఊళ్లో పొక్కితే ఏమవుతుందో లేసు చేసేవాళ్లకు తెలుసు.

వదిన ఫోన్ పట్టుకుని, ఆ గుడ్డకు అతుకుపని చేసిన పిన్ని దగ్గరకు వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. పిన్ని కళ్లజోడు పెట్టుకుని, బొమ్మను పెద్దది చేసి చూసి, "ఇది నా చేతిది కాదమ్మాయ్" అంది. "కాదేంటి పిన్నీ, మొన్న నువ్విచ్చిందే కదా" అంది వదిన. పిన్ని తెర మీద వేలు పెట్టి చూపించింది. "అయితే నా పోగులేవీ? ఈ పువ్వుకీ ఆ పువ్వుకీ మధ్య నాలుగేసి పోగులు వేశాను. ఇక్కడ రెండున్నాయి, అక్కడ ఒకటే ఉంది, ఇటు చూస్తే పువ్వు ఊరికే గాల్లో తేలుతోంది. ఈ చారలేంటి, నీళ్ల మీద అలల్లాగా? గళ్లు అల్లాం గానీ చారలు ఎవరు అల్లారు?"

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. సరిగ్గా ఆవిడ చేసిన పనే ఆ బొమ్మలో లేదు. ఎందుకో లెక్క చూడండి. రెండు మీటర్ల గుడ్డ 4000 పిక్సెళ్లలో ఉంటే ఒక్కో పిక్సెల్ అర మిల్లీమీటరు. లేసు పోగు కూడా ఇంచుమించు అంతే, కాబట్టి కనపడుతుంది. అదే గుడ్డను 800కు దించితే ఒక్కో పిక్సెల్ రెండున్నర మిల్లీమీటర్లు అవుతుంది. వల కన్ను కన్నా సన్నని చేప వలలో ఎలా నిలవదో, పిక్సెల్ కన్నా సన్నని పోగు అందులో అలా నిలవదు. ఇక లేసు గళ్లు నాలుగేసి మిల్లీమీటర్ల ఎడంతో ఉన్నాయనుకోండి, ఒక్కో గడికి కనీసం రెండు పిక్సెళ్లైనా దక్కకపోతే ఆ అల్లిక తెర మీద సరిగా నిలబడదు. గళ్ల వరస, పిక్సెళ్ల వరస ఒకదానితో ఒకటి కలవక, లేని చారలు పుట్టుకొస్తాయి. దాన్నే మోయిరే అంటారు.

తగ్గించే పద్ధతి కూడా ఇక్కడే తేడా చేస్తుంది. అన్నిటికన్నా తేలికది నియరెస్ట్ నైబర్. అది అయిదు పిక్సెళ్లకు ఒకదాన్ని ఉంచి మిగతావి పారేస్తుంది. పోగు ఆ ఒక్కదాంట్లో పడితే బతికింది, లేకపోతే పోయింది. ఆ సైట్ వాడింది ఇదే. బైక్యూబిక్, లాంక్‌జోస్ లాంటివి చుట్టుపక్కల పిక్సెళ్లన్నిటినీ లెక్కలోకి తీసుకుని కలుపుతాయి. నేను అసలు ఫోటో తీసుకుని లాంక్‌జోస్‌తో 1600కు తగ్గించాను. చారలు పోయాయి, పువ్వులు ఎక్కడివక్కడ కుదురుకున్నాయి. పోగులు సన్నగా, కాస్త మెత్తగా వచ్చాయి గానీ ఉన్నాయి.

అయినా రెండు మీటర్ల గుడ్డను ఒకే బొమ్మలో చూపించి పోగు కూడా స్పష్టంగా కనపడాలంటే కుదరదు. అందుకని దగ్గరకు వెళ్లి, జానెడు మేర మాత్రమే ఫ్రేములో ఉండేలా ఇంకో ఫోటో తీశాను. 20 సెంటీమీటర్లు 800 పిక్సెళ్లలో పడితే ఒక్కో పిక్సెల్ పావు మిల్లీమీటరు, పోగుకు రెండు పిక్సెళ్లు దక్కాయి. పురి కూడా తెలిసింది. ఆ రెండు ఫోటోలూ బొటీక్ ఆవిడకు పంపితే మళ్లీ ఫోన్ చేసి, ఆ అతుకు ఎవరు వేశారని అడిగింది. మెషీన్ మాట ఎత్తలేదు.

ఇదంతా మొక్కలకు ఎందుకంటారా? మీ దగ్గర ఫెర్న్‌లు, అరీకా పామ్‌లు, సన్నాకు గడ్డి రకాలు ఉంటాయి. వాటి ఆకులదీ లేసు కథే. క్రోటన్ కొనేవాడు ఆకు మీద మచ్చ చూసి కొంటాడు. ఆ మచ్చ మసకబారితే రెండు రకాలూ ఒకటే అనిపిస్తాయి. ఏ మొక్కకు ఏది ఆనవాలో మీకు తెలుసు, సైట్ చేసే అబ్బాయికి తెలియదు. అందుకే మొక్క మొత్తం ఒక ఫోటో, ఆకో పువ్వో దగ్గరగా ఒక ఫోటో పెట్టండి. ఎర్ర గులాబీల విషయంలో ఇంకో జాగ్రత్త. ఫోటోలు మామూలుగా సేవ్ అయ్యే జేపెగ్ అనే ఫార్మాట్, వెలుగునీడల్ని పూర్తి సైజులో ఉంచి, రంగును మాత్రం సగం వెడల్పులో, సగం ఎత్తులో ఉంచుతుంది. పచ్చటి ఆకు మీద ఎర్రటి రేకు అంచు అలుక్కుపోయినట్టు వచ్చేది అందుకే. క్రోమా సబ్‌శాంప్లింగ్ అనే ఆ ఏర్పాటును ఆపి సేవ్ చేస్తే ఫైలు కొంచెం పెరుగుతుంది, పువ్వు మాత్రం బాగుంటుంది. సేవ్ చేసేటప్పుడు పెట్టే నాణ్యత అంకె 75 నుంచి 85 మధ్య చాలు. 100 పెట్టడం ఊరికే బరువు. వెబ్‌పీలో సేవ్ చేస్తే ఇంకా తేలిగ్గా వస్తుంది. 2010లో వచ్చిన ఫార్మాట్ అది, ఇప్పటి బ్రౌజర్లన్నీ తెరుస్తాయి.

ఎప్పుడూ అసలు ఫోటో నుంచే మొదలుపెట్టండి. ముందు అక్కర్లేని అంచులు కోసెయ్యండి, తర్వాత సైజు తగ్గించండి, ఆ తర్వాత అంచులు తేటగా కనపడేలా కొద్దిగా షార్పెన్ చెయ్యండి, చివర్లో ఒక్కసారి సేవ్ చెయ్యండి. ఒకసారి తగ్గించిన జేపెగ్‌ను మళ్లీ తెరిచి, మార్చి, సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది. ఉద్యోగాల దరఖాస్తులకు ఫోటో ఇన్ని కేబీలు, సంతకం ఇన్ని కేబీలు అని పెట్టే నిబంధన వల్ల పిల్లలు పడే అవస్థ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నెట్ సెంటర్‌లో పాత ఫోటోనే పదేపదే నలిపి పంపుతారు, మొహం గళ్లు గళ్లుగా తయారవుతుంది. ఇన్ని పిక్సెళ్లు కావాలని చెబితే సగం గొడవ వదిలిపోతుంది. కేబీలు చెబితే ఎవరికేం తెలుస్తుంది?

నర్సరీలో పనివాళ్లు తీసిన ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకుంటుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే దారిలోనే కుదించేస్తుంది. ఇంకొకటి, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు అక్షాంశం, రేఖాంశం కూడా ఫోటో ఫైలులో చేరతాయి. మా లేసు ఫోటోలు ఆడవాళ్ల ఇళ్లలోనే తీస్తాం కాబట్టి, ఆ సమాచారం తీసేయకుండా ఒక్క ఫోటో కూడా పైకి పెట్టనివ్వను. తీసేటప్పుడు మాత్రం చూసుకోవాలి, ఫోటో నిలువో అడ్డమో చెప్పే గుర్తు కూడా అందులోనే ఉంటుంది. అది పోతే నిలబడ్డ మొక్క పడుకుంటుంది. ముందు బొమ్మను నిజంగా తిప్పి, తర్వాత సమాచారం తీసెయ్యాలి.

ఒకటీ అరా ఫోటోలకు స్క్వూష్ అనే సైట్ వాడండి. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫోటో మీ కంప్యూటర్ దాటి పోదు, ముందూ తర్వాతా పక్కపక్కనే చూపిస్తుంది. వందల ఫోటోలుంటే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాం ఉంది, ఉచితమే. అందులో రీసైజ్ అన్న ఆదేశం వాడండి, శాంపుల్ అన్నది వద్దు, అది పిక్సెళ్లు ఏరి పారేసే రకం. ఫోటోలన్నిటినీ ఒకేసారి మార్చే మోగ్రిఫై అన్న ఆదేశం అసలు ఫైలు మీదే రాసేస్తుంది కాబట్టి ముందు ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, కాపీ మీద పని చెయ్యండి.

ఇంత చేశాక మీ సైట్ అబ్బాయితో రెండు పనులు చేయించండి. ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాయించండి, ఫోటోలు దిగుతున్నంతసేపూ పేజీ కిందికీ పైకీ గెంతకుండా ఉంటుంది. రెండోది, మీరిచ్చిన ఫోటోను సైట్ మళ్లీ తన పద్ధతిలో కుదిస్తోందేమో చూడండి. పేజీలోంచి బొమ్మను దించుకుని, మీరు తయారుచేసిన ఫైలు పక్కన పెట్టి పెద్దది చేసి పోల్చండి. తేడా కనపడితే ఆ సెట్టింగ్ ఆపించేదాకా మిగతా ఫోటోలు ఎక్కించకండి.