కెనడాలో గుండె ఆపరేషన్ వార్డు: ప్రాక్టికల్ నర్సుగా చేరేవాళ్లకి

ఇండియాలో ఐసీయూ నడిపిన స్టాఫ్ నర్సులు కూడా కెనడాలో ముందు ప్రాక్టికల్ నర్సుగా, అంటే రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) కంటే కింది మెట్టులో, చేరడం మామూలే. ఒంటారియోలో ఆర్‌పీఎన్ (రిజిస్టర్డ్ ప్రాక్టికల్ నర్స్) అంటారు, క్యూబెక్ వదిలేస్తే మిగతాచోట్ల ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్). ఒంటారియో, బ్రిటిష్ కొలంబియాల్లో 2022 నుంచి రెక్స్-పీఎన్ అనే లైసెన్సు పరీక్ష రాయాలి. అది గట్టెక్కాక ఇబ్బంది పెట్టేది పాత చేతివాటమే. అలవాటైన పని కదా అని పేసింగ్ వైరు (గుండె కొట్టుకునేలా కరెంటు అందించే తాత్కాలిక వైరు) తీసేయడం, ఐవీలో మందు ఎక్కించేయడం కుదరదు. ప్రావిన్సు రూలు ఒప్పుకున్నా ఆసుపత్రి పాలసీ ఒప్పుకోకపోవచ్చు. మొదటి వారంలోనే రెండూ అడిగి చదవండి.

ఆపరేషన్ తర్వాత ఛాతీలోంచి రక్తాన్ని బయటి డబ్బాలోకి లాగే ఛాతీ ట్యూబు మీద కళ్లు పెట్టండి. డబ్బా ఛాతీకంటే కిందే, నిటారుగా ఉండాలి. ట్యూబు ఉయ్యాలలా వేలాడితే ఆ వంపులో రక్తం గడ్డకడుతుంది. చూసిన ప్రతిసారీ డబ్బా మీద గీత గీసి టైము రాయండి. గంటలో 100 మిల్లీలీటర్లు దాటితే ఆర్‌ఎన్‌కి చెప్పాలి. అంతకన్నా మోసం చేసేది, బాగా వస్తున్నది టక్కున ఆగిపోవడం. హమ్మయ్య అనుకునేలోపు బీపీ పడిపోయి, మెడ నరాలు ఉబ్బాయంటే గుండె చుట్టూ రక్తం చేరి నొక్కేస్తోందేమో! వెంటనే పిలవండి. గడ్డ కదులుతుందని ట్యూబు పిండొద్దు, లోపల సక్షన్ ఒక్కసారిగా పెరిగిపోతుంది.

బరువు రోజూ పొద్దున్నే, యూరిన్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు, అదే మిషన్ మీద చూడాలి. కిలో పెరిగితే దాదాపు లీటరు నీరు చేరినట్టు. ఒంట్లో నీరు తగ్గించే లాసిక్స్ మందు డోసు ఈ అంకెని చూసే మారుస్తారు. బెడ్ స్కేలు మీద ఇవాళ రెండు దుప్పట్లు, రేపు ఒకటి ఉంటే లెక్క మొత్తం తప్పుతుంది.

చంకల్లో చేతులు వేసి లేపే అలవాటు మానేయండి. వైరుతో కట్టిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. దిండు గుండెకి హత్తుకుని, పక్కకి ఒత్తిగిలి, కాళ్లు కిందకి దించి లేవమనండి. దగ్గినప్పుడు ఎముక టక్కుమంటే అది రిపోర్టు చేయాల్సిందే.

రెండో మూడో రోజున గుండె లయ తప్పడం ఎక్కువ. మిషన్ అంకె చూసి ఊరుకోకుండా పల్సు నిమిషం నిండా పట్టండి.

ఇక మొహమాటం. రాత్రి రెండింటికి డాక్టర్‌ని లేపితే ఏమనుకుంటారో అని ఆగొద్దు. ‘పేషెంటుకి బాలేదు’ అంటే అవతలివాళ్లకి ఏమీ తెలీదు. ‘బైపాస్ అయి రెండో రోజు, పల్సు 138, లయ లేదు, బీపీ 92/58, అరగంట క్రితం పల్సు 84. మీరొచ్చి చూడాలి’ అనండి. ఆ చివరి మాట మింగేయకండి.