అల్లుడికి, ఆ పాత కంప్యూటర్ గురించి

చి. అల్లుడికి,

ఒంగోలు నుంచి మావయ్య ఆశీస్సులు. అక్కా బావా కులాసా అనుకుంటాను.

నీ మెసేజ్ చదివాను. నాలుగు ట్యాబులు తెరిచేసరికి షాపులో ఉబుంటు లైనక్స్ వేసిన ఆ పాత కంప్యూటర్ బిగుసుకుపోతోందని, కస్టమర్లు ఎదురుగా నిలబడి ఉంటే టెన్షన్ వచ్చేస్తోందని రాశావు. ఏదో వీడియోలో చెప్పినట్టు, వెనకాల నడిచే సర్వీసులన్నీ ఆపేద్దామనుకుంటున్నావట. అది మాత్రం చెయ్యొద్దు. ఆ లిస్టులో కప్స్ అని ఒకటి ఉంటుంది. దాన్ని ఆపితే ప్రింటింగ్ ఆగిపోతుంది. జిరాక్స్ షాపు నడిపేవాడివి, ప్రింటర్ లేకుండా ఎలా? మిగతావి ఒకటీ అరా తీసేసినా మిగిలేది కొద్ది ఎంబీలే. నీ మెమరీ పోతున్నది అక్కడ కాదు.

ఏ పని మొదలుపెట్టే ముందైనా, ఎక్కడ ఆగుతోందో నీ కళ్లతో చూడు. మెమరీ చాలకపోయినా, డిస్క్ నెమ్మదించినా, ప్రాసెసర్ వేడెక్కినా పైకి ఒకలాగే కనిపిస్తుంది. మందు మాత్రం దేనికది వేరు.

కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి, వీఎంస్టాట్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి 1 వెయ్యి. సెకనుకో లైను పడుతూ ఉంటుంది. దాన్ని అలా నడవనిచ్చి, రోజూ అప్లికేషన్లు నింపే సైట్లన్నీ తెరువు. మొదటి లైను వదిలెయ్, అది బూట్ అయిన దగ్గర్నుంచి తీసిన సగటు. ఆ తర్వాత లైన్లలో స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే చోటు) కింద ఉండే ఎస్ఐ, ఎస్ఓ అనే రెండు కాలమ్‌లు చూడు. మౌస్ కదలక, హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతున్నప్పుడు అక్కడ వందలు, వేలు పడుతుంటే మెమరీ చాలట్లేదని అర్థం. ఉన్నదాన్ని డిస్క్ మీదికి నెట్టి, మళ్లీ వెనక్కి తెచ్చుకుంటోంది. ఆ రెండూ సున్నాలుగానే ఉండి, డబ్ల్యూఏ (డిస్క్ కోసం ఎదురుచూసే సమయం) అనే కాలమ్ ఎక్కువగా ఉంటే తప్పు డిస్క్‌ది. యూఎస్ (ప్రోగ్రాముల పని) ఒక్కటే వందకి దగ్గరగా ఉంటే ప్రాసెసర్ మీద భారం.

ఫ్రీ అనే కమాండ్ కూడా కొట్టి చూస్తావు, తెలుసు. అందులో ఫ్రీ కాలమ్ తక్కువగా ఉందని కంగారుపడకు. ఖాళీగా ఉన్న మెమరీని లైనక్స్ ఊరికే ఉంచదు, చదివిన ఫైళ్లని అందులో దాచుకుంటుంది. కావాలంటే వెంటనే వదిలేస్తుంది. నువ్వు చూడాల్సింది అవైలబుల్ కాలమ్. గంటకోసారి ఆ దాచుకున్నదాన్ని, అంటే క్యాష్‌ని, ఖాళీ చేసే స్క్రిప్టులు పెట్టమని కొందరు చెబుతుంటారు. అవి పెట్టావంటే, దాచుకున్నదంతా డిస్క్ నుంచి మళ్లీ చదవాల్సి వచ్చి ఇంకా నెమ్మదిస్తుంది.

నీ దాంట్లో ఉన్నది 2 జీబీ. కాబట్టి మెమరీయే చాలట్లేదని నా నమ్మకం. దానికి డబ్బు ఖర్చు లేని మంచి ఉపాయం జీర్యామ్. మెమరీలోనే కొంత భాగాన్ని స్వాప్‌గా వాడుకుని, అందులోకి వచ్చేదాన్ని కుదించి పెడుతుంది. పొగాకుని నొక్కి బేలు కట్టినట్టు, అదే చోట్లో రెట్టింపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కుదించి విప్పడానికి ప్రాసెసర్‌కి కొంచెం పని పెరిగినా, పాత హార్డ్ డిస్క్ దాకా వెళ్లి రావడంతో పోలిస్తే అది లెక్కలోది కాదు. 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ (లైనక్స్‌కి గుండెలాంటి భాగం) నుంచీ ఇది లైనక్స్‌లోనే ఉంది. ఉబుంటులో గానీ, డెబియన్ అనే ఇంకో లైనక్స్‌లో గానీ జీర్యామ్-టూల్స్ అనే ప్యాకేజీ వేసుకుంటే చాలు. ఈటీసీ కింద డీఫాల్ట్ ఫోల్డర్లో జీర్యామ్‌స్వాప్ అనే ఫైలు ఉంటుంది. అందులో పర్సెంట్ 50 అని, ఆల్గో (కుదించే పద్ధతి) ఎల్‌జెడ్4 అని పెట్టు. జెడ్‌స్టాండర్డ్ ఇంకా బాగా కుదిస్తుంది గానీ, నీ పాత ప్రాసెసర్ కోర్ 2 డ్యువోకి ఎల్‌జెడ్4 తేలిక. డిస్క్ మీద ఉన్న స్వాప్‌ని తీసెయ్యకు. ముందు జీర్యామ్ నిండాకే దాని జోలికి వెళుతుంది.

స్వాప్‌ని ఎంత చొరవగా వాడాలో చెప్పే అంకె ఒకటుంది, స్వాపీనెస్ అంటారు. దాన్ని 10కి తగ్గించమని చాలాచోట్ల రాసి ఉంటుంది. మామూలుగా అది 60 ఉంటుంది. స్వాప్ హార్డ్ డిస్క్ మీద ఉన్నప్పుడు చెప్పిన సలహా అది. జీర్యామ్ పెట్టాక 100 పెట్టుకో, అప్పుడే దాని ఉపయోగం తెలుస్తుంది.

దీనితోపాటు ఎర్లీఊమ్ అనే చిన్న ప్రోగ్రామ్ కూడా వేసుకో. మెమరీ, స్వాప్ రెండూ పది శాతం లోపుకి పడిపోతే, ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్‌ని అదే మూసేస్తుంది. చాలాసార్లు అది బ్రౌజరే అవుతుంది. సగం నింపిన ఫారం పోవచ్చు, అది బాధే. కానీ పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తే ఫారం ఎలాగూ పోతుంది, పైగా డిస్క్ మీద రాస్తున్న ఫైళ్లు కూడా పాడవ్వచ్చు.

బ్రౌజర్ దగ్గర నీ అలవాటు మారాలి. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో అబౌట్ అని రాసి, కోలన్ పెట్టి, ప్రాసెసెస్ అని కొడితే ఏ ట్యాబు ఎంత తింటోందో కనిపిస్తుంది. పని అయిన ట్యాబు వెంటనే మూసెయ్. ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకుంటే ఆ బరువు తగ్గుతుంది.

ఇక వేడి సంగతి. చీమకుర్తిలో ఉంటున్నావు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు మీద షాపు. పక్క మూత తీసి ప్రాసెసర్ ఫ్యాను కింద టార్చి వేసి చూడు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము అందరూ తుడుస్తారు. అసలుది దాని కింద, అల్యూమినియం రేకుల సందుల్లో ఉంటుంది. బూడిదరంగు దుప్పటిలా మందంగా పేరుకుని, గాలి కిందికి దిగకుండా అడ్డుపడుతుంది. వేడి హద్దు దాటగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. అప్పుడు ఎంత మెమరీ ఉన్నా లాభం లేదు. ప్లగ్ పీకి, రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టు. ఫ్యాను విప్పితే మాత్రం ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాయకుండా బిగించొద్దు. తర్వాత ఎల్ఎం-సెన్సర్స్ వేసుకుని సెన్సర్స్ అని కొడితే టెంపరేచర్ చూపిస్తుంది. ఏ పనీ లేకుండానే 70 దాటుతుంటే మళ్లీ విప్పాల్సిందే.

డెస్క్‌టాప్ మార్చుకోక తప్పదు. నువ్వు వేసిన మామూలు ఉబుంటుకి 2 జీబీ చాలదని వాళ్లే చెబుతారు. తేలికగా నడిచే లుబుంటు గానీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్‌తో డెబియన్ గానీ వేసుకో. పాత మెషిన్ కదా అని 32 బిట్ వెతక్కు. కోర్ 2 డ్యువో 64 బిట్‌దే. 2025లో వచ్చిన డెబియన్ 13కి అసలు 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. మార్చేముందు హోమ్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకో. కొత్తది వేశాక తెలుగు ఫాంట్లు, తెలుగు టైపింగ్‌కి వాడే ఐబస్ చూసుకో, అర్జీలు టైపు చేయించుకోవడానికి వచ్చేవాళ్లుంటారు.

ఇవన్నీ అయ్యాకే డబ్బు సంగతి. పెడితే ముందు ఎస్ఎస్‌డీ మీద పెట్టు. చిన్నదైనా సరే, పాత బోర్డులోనూ సాటా కేబులుకి తగిలించుకోవచ్చు. రేపు ఈ మెషిన్ పోయినా అది ఇంకోదాంట్లో పనికొస్తుంది. ర్యామ్ కొనేముందు డీఎంఐడీకోడ్ కమాండ్‌తో నీది డీడీఆర్2నో 3నో, బోర్డు ఎంతవరకు తీసుకుంటుందో చూసుకో. రెండింటికీ గాడి వేరు, ఒకదాంట్లో ఒకటి పట్టదు. ఆన్‌లైన్‌లో ఒక్క ముక్కే 4 జీబీ డీడీఆర్2 అని చవగ్గా కనిపిస్తుంది. వాటిలో చాలావరకు ఏఎండీ బోర్డుల్లోనే నడుస్తాయి, నీ ఇంటెల్ బోర్డుకి పనికిరావు. డీడీఆర్2 అయితే నీకు కావాల్సింది 2 జీబీవి రెండు.

ఇంకోటి. డబ్ల్యూఏ ఎక్కువగా కనిపిస్తే స్మార్ట్‌మోన్‌టూల్స్ వేసి డిస్క్ రిపోర్టు తియ్యి. అందులో రీఎలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (డిస్క్‌లో పాడైన, అనుమానం ఉన్న చోట్ల) దగ్గర సున్నా కాకుండా అంకెలుంటే, మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు కస్టమర్ల ఫైళ్లు బయటికి తీసుకో. ఆ వీఎంస్టాట్ స్క్రీన్, డిస్క్ రిపోర్టు ఫొటోలు తీసి నాకు పంపు. అవి చూసి చెప్పేదాకా ఏమీ కొనకు.

మీ మావయ్య