సమాధానం: ‘వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ ఉమన్’ కీబోర్డుపై చప్పగా వస్తోందా?

కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాల గుచ్ఛాలు) సరిగ్గానే పడుతున్నా పాటలో బరువు రావట్లేదన్నారు. మీరు పెట్టుకున్న స్టైల్ (కీబోర్డు తనంతట తానే వాయించే తాళం, తోడు వాద్యాలు) 4/4ది, చిక్కు అక్కడే మొదలైందండి. పర్సీ స్లెడ్జ్ 1966లో పాడిన ఈ పాట నడక 12/8: బార్‌కి, అంటే ఒక ఆవర్తానికి, నాలుగు దెబ్బలు, ఒక్కోదాంట్లో ఒక ‘తకిట’. స్లో 6/8 లేదా 12/8 స్టైల్ పెట్టండి.

అసలు ప్రాణం మాత్రం బేస్‌లో, అంటే అడుగున మోగే మంద్ర స్వరాల్లో ఉంది. సి స్కేల్‌లో అయితే సి, బి, ఎ, జి, ఎఫ్ అని మెట్టు మెట్టుగా దిగి, జి, సి, జితో ముగియాలి. పైన కార్డ్స్ సి, జి, ఎ మైనర్, సి, ఎఫ్, జి, సి, జి. ఒక్కోదానికి రెండు తకిటలు. మామూలు ఫింగర్డ్ మోడ్‌లో కార్డ్ మూల స్వరమే బేస్ అవుతుంది కాబట్టి రెండో కార్డ్ కింద బి బదులు జి మోగుతుంది, ఆ దిగుడు తెగిపోతుంది. ‘ఫింగర్డ్ ఆన్ బేస్’ మోడ్‌లో మీరు అడుగున పట్టిన స్వరమే బేస్‌గా మోగుతుంది, అందుకే అందులో బి అడుగున ఉండేలా జి కార్డ్‌ను, జి అడుగున ఉండేలా రెండో సి కార్డ్‌ను పట్టండి. ఆ మోడ్ లేకపోతే ఆటో బేస్ ఆపేసి ఎడమచేత్తో మీరే వాయించడం మేలు.

అసలు శ్రుతి డి ఫ్లాట్, అంటే ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే సెట్టింగ్) +1. గొంతు అందకపోతే −3. టోన్ ఆర్గన్, రికార్డులో స్పూనర్ ఓల్డ్‌హామ్ వాయించిందీ అదే. సస్టెయిన్ పెడల్ తొక్కకండి, కార్డ్స్ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

పాడేటప్పుడు మొదటి చరణం అణిచి పాడండి. ఆమె ఎంత బాధపెట్టినా వదలని మనిషి మాటలివి. అప్పుడే అరిస్తే తర్వాత గొంతు పెంచడానికి చోటుండదు.